రైలుకూ రైలుకూ మధ్య

సొరంగం మరమ్మతు అంటే లైను మూసేసి చేస్తారు కదా అని, నేను రిటైరయ్యాక అడిగినవాళ్ళు చాలామంది. రోడ్డు మీద కల్వర్టు కూలితే పక్కన మట్టిదారి వేసి బస్సుల్ని మళ్ళిస్తారు. కొత్తవలస–కిరండూల్ లైనులో పక్కన ఏముంది? ఒకవైపు కొండ, రెండోవైపు లోయ. 1990ల మొదట్లో నేను అక్కడ పనిచేసేనాటికి కొరాపుట్–రాయగడ లైను ఇంకా పూర్తికాలేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరాలంటే అనంతగిరి కొండల మీదుగా దిగే ఆ ఒంటి లైనే గతి. ఖనిజం బండి ఆగితే రేవులో ఓడ ఆగుతుంది. ఓడ ఆగితే రోజుకింత అని లెక్క కట్టే పెద్దమనుషులు వేరే ఉన్నారు. కాబట్టి లైను మూయడమనే మాట మాలో ఎవరి నోటా వచ్చేది కాదు. పని జరగాల్సిందే, బండి నడవాల్సిందే.

నేను అప్పటికి పట్టాల బాగోగులు చూసే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా చేరి ఎంతో కాలం కాలేదు. పి.డబ్ల్యు.ఐ. అంటే ఆ రోజుల్లో పట్టాల మీద చిన్నపాటి జమీందారే. ట్రాలీ, దాన్ని తోసే మనుషులు, దారిపొడుగునా దండాలు. మైదానంలో చేసినవాళ్ళకు అలాగే ఉండేదేమో. ఘాట్ సెక్షన్‌లో, అంటే కొండదారిలో, వేసినవాళ్ళకు మాత్రం వాన, రాయి, బురద, పై అధికారుల ఫోన్లు.

ఆ లైను గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. పాతవాళ్ళు ఇప్పటికీ దాన్ని డి.బి.కె. లైను అంటారు. దండకారణ్య, బొలాంగీర్, కిరిబురు అనే మూడు ప్రాజెక్టుల పేర్లలోని మొదటి అక్షరాలవి. 1960లో జపాన్‌తో కుదిరిన ఖనిజం ఒప్పందం దానికి మూలం. సుమారు 445 కిలోమీటర్ల దారి, 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలవుతుంది. 60 అడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు పైకి. మనిషి నడకకు అది లెక్కలోనిది కాదు, వేల టన్నుల బండికి మాత్రం ప్రాణాంతకం. అలా ఎక్కుతూ ఎక్కుతూ, కొత్తవలస నుంచి వంద కిలోమీటర్లైనా నిండకముందే షిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దేశంలో బ్రాడ్‌గేజి మీద అంతకంటే ఎత్తైన స్టేషన్ లేదని చాలాకాలం బోర్డు మీద చూసి గర్వపడ్డాం.

1960లలో ఆ కొండలకు రోడ్లే సరిగా లేవు. అడవిలో దారి నరుక్కుంటూ, మలేరియాతో పడుతూ లేస్తూ ఆ సొరంగాలు తవ్వినవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. తవ్వడం మొగతనమైతే కాపాడటం గుమాస్తా పని అన్నట్టు చూసే ఇంజనీర్లు నా రోజుల్లో ఉండేవారు. నేను ఒప్పుకోను. తవ్వేవాడికి కొండ ఒక్కటే ఎదురు. కాపాడేవాడికి కొండ, బండి, గడియారం మూడూ ఎదురే.

మా సొరంగానికి పేరు లేదు. అక్కడ ఏ సొరంగానికీ పేరు లేదు, నంబర్లే. చిమిడిపల్లికీ బొర్రాగుహలుకూ మధ్య అలాంటివి వరసగా ఉంటాయి. ఒకటి దాటి కన్ను వెలుగుకు అలవాటు పడేలోపు ఇంకొకటి. మేం మరమ్మతు చేసినదానికి రెండు మూతుల దగ్గరా కాంక్రీటు కమాను ఉండేది. నడుమ చాలా భాగం మాత్రం తవ్వినప్పటి రాయి అలాగే ఉంది. అక్కడి రాయి ఖొండలైటు. మంచి రోజుల్లో ఇనుమంత గట్టిది. కానీ నీరు తగిలితే పొరపొరలుగా విడిపోతుంది, ఏళ్ళు గడిస్తే ఎర్రమట్టిగా మారిపోతుంది. ఆ కొండల్లో వానకు లోటు లేదు. పైన కాఫీ తోటల్లో కురిసిన నీరు రాతి పగుళ్ళ వెంట దిగి, ఏ నెలకో మా సొరంగం కప్పులోంచి పట్టాల మీద చినుకులుగా రాలేది. పాతికేళ్ళు అలా రాలాక కప్పులో పలకలు వదులయ్యాయి. ఒక వర్షాకాలంలో, లైను వెంట నడిచి కాపలా కాసే పెట్రోల్‌మన్ తెల్లవారుజామున నడుస్తూ ఉండగా పట్టాల మధ్య పీటంత రాయి కనిపించింది. అదృష్టం బాగుండి ముందు చూసింది మనిషి, ఇంజన్ కాదు. మర్నాటి నుంచి ఆ సొరంగంలో వేగ పరిమితి పెట్టారు. ప్రతి డ్రైవరుకూ కాషన్ ఆర్డరు, అక్కడ నెమ్మదిగా పొమ్మనే కాగితం. ఆ తరువాత మరమ్మతు మంజూరైంది.

మొదటి పని కొట్టి చూడటం. మా గ్యాంగులో ఒక ముసలి మేట్, అంటే గ్యాంగు పెద్ద, ఉండేవాడు. శృంగవరపుకోట వైపు మనిషి. డి.బి.కె. పనుల్లో కుర్రవాడిగా రాళ్ళు మోసి, తరువాత గ్యాంగ్‌మన్‌గా చేరాడు. అతనికంటే సొరంగానికి పాతకాపు ఎవరూ లేరు. గ్యాంగులో కుర్రవాళ్ళు తాతా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అతను నన్ను బాబూ అనేవాడు. పొడుగాటి ఇనుప ఊచ పట్టుకుని కప్పును ఒక్కోచోట మూడుసార్లు కొట్టేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల వదిలిన రాయి డొల్లగా, కాస్త ఆలస్యంగా పలుకుతుంది. ఆ ఆలస్యం నా చెవికి చాలాకాలం అందలేదు. వెదురుకర్రకు కుంచె కట్టి, సున్నంతో గుర్తులు పెట్టేవాడు. సున్నా చుడితే బోల్టు బిగించాలి. అడ్డగీత కొడితే రాలగొట్టాలి. రెండూ కలిపి వేశాడంటే ఆ చోటు కింద ఎవరూ నిలబడకూడదు.

ఇంజనీరింగ్ కాలేజీ నుంచి వచ్చిన ఒక చిన్న అధికారి ఆ గుర్తుల్ని చూసి, దీనికి శాస్త్రీయమైన ఆధారం ఏమిటి అని అడిగాడు. తాత ఏమీ మాట్లాడలేదు. ఊచ ఆయన చేతికిచ్చాడు. ఆయన కాసేపు కొట్టి చూసి, నోటు పుస్తకంలో తాత పెట్టిన గుర్తుల్నే వరసగా ఎక్కించుకున్నాడు. తెలివైనవాడు. తరువాత చాలా పైకి వెళ్ళాడు.

ఇక బ్లాకు సంగతి. సొరంగం పనిలో సిమెంటుకంటే, ఇనుముకంటే ఖరీదైన సామాను అదే. లైన్ బ్లాకు అంటే ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా ఆ రెండు స్టేషన్ల మధ్య బండి రాదని ఇచ్చే హామీ. దాన్ని ఇచ్చేది వాల్తేరులో కూర్చుని బండ్లను నడిపించే సెక్షన్ కంట్రోలర్. ముందురోజే కాగితం మీద మంజూరై ఉంటుంది, రాత్రి ఇన్ని గంటల నుంచి రెండున్నర గంటలు అని. కాగితం మాట కాగితానిదే. మేం సామానంతా సర్దుకుని, సొరంగం మూతి దగ్గర చలిలో కూర్చుని, స్తంభం దగ్గర సాకెట్టుకు ఫోను తగిలించి అడిగితే అటునుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "రెండు లోడ్లు పోనీయండి."

లోడు అంటే ఖనిజం నింపుకున్న బండి. రెండు లోడ్లు దిగేసరికి పైకి వెళ్ళాల్సిన ఖాళీ బండి ఒకటి వచ్చి చేరేది. అది ఎక్కేలోపు ఇంకో లోడు. కంట్రోలర్ దుర్మార్గుడు కాదు, అతని మీద అరిచేవాళ్ళు అతనికున్నారు. కానీ ఆ ఫోను పట్టుకుని నిలబడ్డవాడికి అది తోచదు. రెండున్నర గంటలు గంటన్నర అవుతుంది, ఒక్కోసారి గంట. వచ్చినదాన్ని వచ్చినట్టు తీసుకోవడమే.

బ్లాకు వచ్చింది అనగానే పని మొదలవదు. రెండు వైపులా స్టేషన్ మాస్టర్లు మాట ఖాయమనడానికి గుర్తుగా ప్రైవేటు నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలి. అవి మా పుస్తకంలోనూ వాళ్ళ పుస్తకంలోనూ ఒకే రకంగా ఎక్కాలి. తరువాత కరెంటు. ఆ లైనుకు 1980ల మొదట్లో విద్యుదీకరణ అయింది. నెత్తిమీద 25,000 వోల్టుల తీగ. దాని పక్కన ఇనుప ఊచలు ఎత్తి పనిచేయాలంటే పవర్ బ్లాకు కూడా కావాలి. ఓ.హెచ్.ఇ. మనుషులు, అంటే ఆ తీగల పని చూసేవాళ్ళు, కరెంటు తీయించి, పని చోటుకు అటూ ఇటూ తీగకు ఎర్తింగ్ రాడ్లు తగిలించి, చేతికి కాగితం ఇచ్చేదాకా ఎవరూ చెయ్యి పైకెత్తకూడదు. మేం పెట్టాల్సిన రక్షణ వేరే. 600 మీటర్ల దూరంలో పట్టాలకు అడ్డంగా ఎర్ర బ్యానరు, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో, చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరించే మూడు డిటొనేటర్లు. బండి రాదని ఇద్దరు మాస్టర్లు, ఒక కంట్రోలర్ చెప్పినా సరే, వస్తుందనుకునే పెట్టాలి. ఈ నియమం రాసినవాడెవరో గానీ లోకం తెలిసినవాడు.

ఇవన్నీ అయ్యేసరికి గంటన్నరలో ఇరవై నిమిషాలు ఖర్చు. అప్పుడు లారీని పట్టాల మీదికి ఎక్కించేవాళ్ళం. రోడ్డు లారీ కాదు, నాలుగు ఇనుప చక్రాల మీద బల్లపరుపు బండి, మనుషులు తోసేది. దాని మీద గొట్టాలతో కట్టిన మంచె. మంచె ఎక్కితే కప్పు చేతికందుతుంది. జనరేటరు దీపాలు, అవి మొరాయిస్తే పెట్రోమాక్సులు. మూతి బయట డీజిల్ కంప్రెసరు మోత మొదలైతే లోపల మాటలు వినబడవు. అంతా సైగలే.

వదులు రాళ్ళు రాలగొట్టడం, బోల్టులు బిగించడం ముందు. జాక్‌హ్యామర్‌ను తలకిందులుగా పైకి పట్టి రంధ్రం వేయాలి. నీళ్ళతో కలిసిన రాతి పిండి మొహం మీద, మెడలోంచి చొక్కాలోకి కారుతూ ఉంటుంది. రంధ్రంలో సిమెంటు ఎక్కించి ఊచ దూర్చి, ఆరాక పలక పెట్టి నట్టు బిగించాలి. వదులు పొరను వెనకాల ఉన్న గట్టి రాయికి కుట్టడమన్నమాట. ఆ తరువాత ఇనుప జాలీ. దాని మీద గునైటింగ్.

గునైటింగ్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇప్పుడు పెద్ద సొరంగం పనుల్లో ఆ పద్ధతి తగ్గింది. ఇసుక, సిమెంటు పొడిగా కలిపి గన్ మెషీన్‌లో వేస్తారు. గాలి ఒత్తిడికి ఆ పొడి గొట్టం వెంట పరుగెత్తి వస్తుంది. గొట్టం చివర నాజిల్ దగ్గర నీరు కలుస్తుంది. ఎంత నీరు కలవాలో తేల్చేది నాజిల్ పట్టుకున్న మనిషి బొటనవేలు. ఎక్కువైతే వేసినదంతా జారి కిందికి వచ్చేస్తుంది. తక్కువైతే దుమ్ములా ఎగిరిపోతుంది. గోడకు మీటరు దూరంలో, ఎదురుగా నిటారుగా పట్టి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ కింది నుంచి పైకి వెళ్ళాలి. మాకు దొరికిన నాజిల్‌మన్ ఒడిశా మనిషి, బక్కపలచటివాడు. తల మీద గోనె ముసుగు, కళ్ళకు అద్దాలు. ఆ గొట్టం విదిలింపుకు పహిల్వాన్ లాంటివాడు కూడా వెనక్కి పడతాడు. ఇతను మాత్రం ఒంటికాలు ముందుకు వేసి, నడుం కొంచెం వంచి, అలా నిలబడి గంటసేపు కదిలేవాడు కాదు. తెల్లారి చూస్తే గోడ మీద అతని పని ఎక్కడ ఆగిందో, ఇంకొకరు ఎక్కడ అందుకున్నారో ఇట్టే తెలిసిపోయేది.

ఆ ఇసుక మా ప్రాణం తీసింది. అది పొడిగా ఉండాలి. తడి ఎక్కువైతే గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది. ఆ కొండల్లో పొడి అన్నది మార్చి దాకా దొరకని వస్తువు. మైదానం నుంచి మెటీరియల్ బండిలో వచ్చిన ఇసుకను టార్పాలిన్ల కింద దాచి, ఎండ కనబడితే చాలు పరిచి ఆరబెట్టేవాళ్ళం. చుట్టుపక్కల గిరిజన గూడేల నుంచి కూలికి వచ్చే ఆడవాళ్ళు ఆకాశాన్ని చూసి, మబ్బు మా కంటపడకముందే టార్పాలిన్లు లాగేసేవారు. వాతావరణ శాఖ చెప్పేదానికంటే ఆ టార్పాలిన్ల కదలికనే నేను నమ్మేవాణ్ణి.

కప్పుకు కొట్టిన మిశ్రమంలో పావు వంతుకు తగ్గకుండా కిందికే రాలుతుంది. పట్టాల కింద ఉన్న కంకరలో అది పడితే గడ్డకట్టి, నీరు ఇంకకుండా చేస్తుంది. కప్పు బాగుచేయబోయి పట్టాను పాడుచేసినట్టవుతుంది. అందుకని గన్ మొదలవకముందే కంకర మీద, స్లీపర్ల మీద, పట్టాల మీద గోనెపట్టాలు పరిచేవాళ్ళం. బ్లాకు ముగిసేలోపు రాలిందంతా వాటిలోనే చుట్టి ఎత్తి, లారీ మీద వేసి బయట పడేయాలి. మిగిలిన కాస్తా చీపురుతో, ఆపైన చేత్తో బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేవారు.

నేను ఆ సొరంగంలో నేర్చుకున్నది ఇదే: కట్టడం సగం, సర్దడం సగం. తాతకు చేతి గడియారం లేదు. కానీ బ్లాకు ముగియడానికి అరగంట ముందు, ఎవరూ చెప్పకుండానే, చివరి గోనెపట్టా అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టేవాడు. మంచె మీద ఎవరు ఏ పనిలో ఉన్నా అతను వంగాడంటే చాలించాల్సిందే. ఒక్క బస్తా ఉంది తాతా, కానిచ్చేద్దాం అని నేనే ఎన్నోసార్లు అన్నాను. "మనది కాదు బాబూ ఈ టైము, బండిది. అప్పు తెచ్చుకున్నాం" అనేవాడు, చుట్టడం ఆపకుండా.

సర్దడంలో చివరి ఘట్టం చట్రం. సొరంగంలో గోడకూ కప్పుకూ బండికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో రైల్వే పుస్తకంలో కొలతలతో సహా ఉంది. మనం జాలీ వేసి, దాని మీద పూత వేసి, నట్లు బిగించి ఆ ఖాళీని కొంచెం తినేశాం కదా. పూత ఎక్కడైనా ఉబ్బినా, ఒక ఊచ చివర బయటికి పొడుచుకొచ్చినా బండికి తగులుతుంది. అందుకని బండి ఆకారానికి చుట్టూ ఉండాల్సిన ఖాళీ కూడా కలిపి చెక్కతో చట్రం చేయించి, లారీ మీద నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు తోసుకుంటూ వెళ్ళేవాళ్ళం. ఎక్కడా గీసుకోకపోతే సరి. చట్రం రెండో మూతిలోంచి బయటపడేదాకా నేను బ్లాకు రద్దు పుస్తకం తెరిచేవాణ్ణి కాదు.

ఒక రాత్రి మాత్రం లెక్క తప్పింది. వదులు పలక ఒకటి, సున్నం గుర్తు పెట్టినదే, రాలగొట్టబోతే సగం ఊడి సగం వేలాడింది. గునపం లోపలికి దిగడం లేదు. బ్లాకు ఇంకా పదిహేను నిమిషాలే ఉంది. దాన్ని అలా వదిలి బండిని రానివ్వడం కుదరదు. తాత గోనెపట్టాలు చుట్టడం ఆపి పైకి చూస్తూ నిలబడ్డాడు. అతను సర్దడం ఆపగా నేను చూసింది ఆ ఒక్కసారే. మా పెద్ద పి.డబ్ల్యు.ఐ. ఫోను దగ్గరికి వెళ్ళి, ఇంకో నలభై నిమిషాలు కావాలన్నారు. అటువైపు కేక మాకు కూడా వినబడింది. బొర్రా స్టేషన్లో లోడు వచ్చి నిలబడి ఉంది, దాని వెనక ఇంకోటి షిమిలిగుడలో. ఆయన మళ్ళీ అదే మాట, అదే గొంతుతో చెప్పారు. "లైను నా చేతిలో ఉంది. నేను ఇచ్చేదాకా బండి రాదు." ఫోను పెట్టేసి, సిగరెట్టు ముట్టించి, మాకు వీపు చూపిస్తూ నిలబడ్డారు. మమ్మల్ని తొందరపెట్టకూడదని. పలక రెండు ముక్కలుగా దిగింది. లారీ మీదికి దొర్లించడానికి ఆరుగురు పట్టాల్సి వచ్చింది.

బ్లాక్ బరస్ట్ అయింది అంటారు దాన్ని, మా భాషలో. సంజాయిషీ కాగితం వచ్చింది. అందులో ఆయన నా పేరుగానీ తాత పేరుగానీ రానివ్వలేదని చాలాకాలానికి గుమాస్తా చెప్తే తెలిసింది. అలాంటివాళ్ళ కింద ఉద్యోగం మొదలుపెట్టడం పూర్వజన్మ సుకృతం.

అన్ని పనులకూ బ్లాకు అక్కర్లేదు. పక్క కాలువలో పేరుకున్న మట్టి తీయడం, గోడ కింది భాగం చెక్కడం లాంటివి పగలు బండ్లు నడుస్తుండగానే చేసేవాళ్ళం. రెండు వైపులా ఈల మనుషులు. ఈల వినబడగానే పనిముట్లు పట్టాలకు దూరంగా పెట్టి, గోడలో మనిషి నిలబడేంత గూళ్ళు అక్కడక్కడా ఉంటాయి, వాటిలోకి దూరాలి. కిందికి దిగే లోడు వస్తుంటే ముందు గాలి తోసుకొస్తుంది. తరువాత కాలిన ఇనుము వాసన, ఆ దారిపొడవునా బ్రేకులు పట్టుకునే దిగుతుంది గనుక. ముందు రెండో మూడో ఇంజన్లు. వాటిలో అప్పుడప్పుడు హిటాచీవి ఉండేవి. 1980ల చివర్లో జపాన్ నుంచి, స్వీడన్ నుంచి తెప్పించిన కొద్దిపాటి ఇంజన్లను వాల్తేరు షెడ్డుకే ఇచ్చారు. జపాన్‌కు రాయి పంపడానికి వేసిన లైను మీద జపాన్ ఇంజనే బండి లాగుతుంటే మా కుర్రవాళ్ళు, "వాళ్ళ సరుకు వాళ్ళే మోసుకుపోతున్నారు" అనేవారు. వ్యాగన్లు ఒకటి తరువాత ఒకటి మొహానికి మూరెడు దూరంలో వెళ్తుంటే లెక్కపెట్టకుండా ఉండటం నాకు చేతనయ్యేది కాదు. బండి వెళ్ళాక అందరి కనుబొమలూ ఎర్రగా ఉండేవి.

ప్యాసింజరు సంగతి వేరు. విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు మా దగ్గరికి వచ్చేసరికి అరకు చూడబోయే జనంతో కిటకిటలాడుతూ ఉండేది. సొరంగంలో దూరగానే పిల్లలూ, పిల్లలకంటే ఎక్కువగా పెద్దలూ ఒకటే కేకలు. గూట్లో నిలబడ్డ మాకు ఆ కేకలు పెట్టె తరువాత పెట్టెగా వచ్చి చెవిలో పడి వెళ్ళిపోయేవి. ఒక పెట్టెలో ఈలలు, ఒకదానిలో గోవింద నామాలు, మరొకదానిలో ఎవరో చంటిపిల్ల ఏడుపు. వాళ్ళకు మేం కనబడం. మాలో ఒక కుర్ర గ్యాంగ్‌మన్ మాత్రం చీకట్లోంచి తనూ గట్టిగా కేకపెట్టేవాడు. రైల్లో ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తరువాత ఆడపిల్లల అరుపులు. వద్దురా అని తిట్టేవాణ్ణి. గట్టిగా తిట్టలేదన్నది నిజం.

ఆ ప్యాసింజరు గార్డు మాకు పోస్టుమాస్టరు, హోటలు అన్నీ. శృంగవరపుకోటలో మా ఇళ్ళవాళ్ళు ఎక్కించిన క్యారేజీలు, ముందురోజు దినపత్రిక, ఎవరికో జ్వరం మాత్రలు ఆయన బ్రేకు పెట్టెలోనే వచ్చేవి. కాషన్ ఉంది గనుక బండి ఎలాగూ నిదానంగానే వెళ్తుంది. మూతి దగ్గర నిలబడి అందుకునేవాళ్ళం. పప్పు ఎప్పుడూ క్యారేజీ అంచులదాకా ఒలికి ఉండేది. చలికాలం రాత్రుళ్ళు మాత్రం ఆ అన్నం గడ్డకట్టి గొంతు దిగేది కాదు. కూలివాళ్ళు మంట దగ్గర పెట్టి వెచ్చబెట్టుకునే రాగి అంబలి మీద మా కన్నుండేది. మొహమాటపడుతూ అడిగితే అడ్డాకు దొన్నెలో పోసి ఇచ్చేవారు. నవంబరులో ఆ కొండవాలు మీద వలిసె పూలు పూస్తే పగలు సొరంగంలోంచి బయటికి రాగానే ఆ పసుపు కళ్ళలో పొడిచేది. పూల గురించి ఎవరం మాట్లాడుకున్నట్టు గుర్తులేదు. రాత్రి పనిచేసి వచ్చినవాడికి ఏ రంగూ కనబడకుండా ఉంటేనే హాయి.

పూతంతా అయ్యాక కూడా తాతకు నమ్మకం కుదరలేదు. నీటికి దారి వదలకుండా గోడ మూస్తే వెనక నీరు చేరి, ఒత్తిడి పెరిగి, పూతను పెళ్ళలుగా తోసేస్తుంది. అందుకని పూత వేసేటప్పుడే కప్పులోనూ గోడల్లోనూ చిన్న పైపుముక్కలు అమర్చి ఉంచాం. వాటిలోంచి నీరు పక్క కాలువలోకి కారాలి. ఎండాకాలంలో అవన్నీ ఎండి, గోడ మీద అనవసరమైన కన్నాల్లా కనిపించేవి. తనిఖీకి వచ్చిన ఒకాయన, ఇవి ఎందుకు పూడ్చకుండా వదిలేశారు అని కూడా అడిగాడు. జూన్ చివర పెద్ద వాన పడ్డ మర్నాడు నేనూ తాతా లోపలికి నడిచాం. మొదటి పైపులో ఏమీ లేదు. రెండోదాంట్లో లేదు. ఇంకొంచెం లోపలికి వెళ్ళాక ఒకటి సన్నటి ధారగా కారుతోంది, దాని పక్కది కూడా, ఆపైన వరసగా. పట్టాల మీద మాత్రం చుక్క లేదు. తాత ఆ ధార కింద దోసిలి పట్టి మొహం కడుక్కున్నాడు. అతని నుంచి మెప్పుదల అంతే.

కొత్త వంతెన కడితే రిబ్బను కత్తిరిస్తారు. బాగుచేసిన సొరంగానికి వేడుక అంటూ ఏమీ ఉండదు. వేగ పరిమితి బోర్డులు పీకేయడమే వేడుక. కాగితం వచ్చిన రోజున అటూ ఇటూ ఉన్న పసుపు బోర్డుల్ని రోజూ పట్టాలు చూసుకునే కీమన్ ఊడదీసి భుజాన వేసుకుని వచ్చాడు. సాయంత్రం లోడు మామూలు వేగంతో సొరంగంలోంచి బయటపడి మా ముందు నుంచి వెళ్ళింది. డ్రైవరు మమ్మల్ని చూడను కూడా చూడలేదు. చూడాల్సిన పని లేకుండా చేయడానికే కదా అంత కాలం అవస్థ పడ్డది.

తరువాత బదిలీలు. తాత రిటైరై ఊరికి వెళ్ళిపోయాడు. 2003లో మా డివిజను ఆగ్నేయ రైల్వే నుంచి తూర్పు కోస్తా రైల్వేకు మారింది. 2017లో ఆ కిరండూల్ ప్యాసింజరుకు అద్దాల పెట్టె తగిలించారు, కప్పు కూడా అద్దమే. ఒకసారి మా మనవలతో అందులో వెళ్ళాను. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు, నేను కప్పువైపు చూశాను. పక్క సీటాయన లోయ అటువైపు ఉందండీ అని దయగా చెప్పాడు.

ఇప్పుడు కొత్తవలస నుంచి కొరాపుట్ దాకా రెండో లైను వేస్తున్నారు. పాత లైను మీద బండ్లు నడుస్తుండగానే ఆ పక్కనే కొండ తొలవాలి. ఆ పనిలో ఉన్న మా బంధువుల అబ్బాయి అప్పుడప్పుడు ఫోను చేస్తాడు. వాళ్ళకు తడి మిశ్రమమే కొట్టే యంత్రాలున్నాయి, ఇసుక ఆరబెట్టే బాధ లేదు. నాజిల్‌ను యంత్రం చెయ్యి పట్టుకుంటుంది, మనిషి దూరంగా నిలబడి మీటలు నొక్కుతాడు. వింటుంటే ముచ్చటేసింది. బ్లాకు ఎంత ఇస్తున్నారు అని అడిగాను. మూడు గంటలు అడుగుతున్నాం బాబాయ్ అన్నాడు. ఇస్తున్నది ఎంత అని మళ్ళీ అడిగితే నవ్వేశాడు.

కంకర మీద ఏం పరుస్తున్నారని అడిగాను. ప్లాస్టిక్ షీట్లట. తడిసిన ప్లాస్టిక్ మీద కాలు నిలవదురా, గోనెపట్టాలు తెప్పించుకో అన్నాను. గోనెపట్టా తడిస్తే ఇద్దరు ఎత్తాలి, షీటు ఒక్కడే లాగేస్తాడు, పది నిమిషాలు కలిసొస్తుంది అన్నాడు వాడు. పది నిమిషాల మాట ఎత్తేసరికి నాకు వెంటనే జవాబు దొరకలేదు. కానీ ఒప్పుకోలేదు. వచ్చే నెల వాడు ఇంటికి వస్తాడు, అప్పుడు తేల్చుకుంటాం.